గేరు రాడ్డుకు అంగపూజ

ఆవాహన

రావయ్యా గేరు రాడ్డూ, రా. డ్రైవరు ఎడమ చేతి పక్కన నిటారుగా నిలబడి, తల మీద అతని చెమట మోస్తూ, పాదాలు మాత్రం చీకట్లో నూనె తడిలో పెట్టుకుని బతికేవాడా, రా. దసరా నాడు బానెట్టుకు పసుపు రాస్తారు, స్టీరింగుకు బంతిపూల దండ చుడతారు, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, బండి ముందు గుమ్మడికాయ కొడతారు. నీ వంతు వచ్చేసరికి వేలికి కుంకుమ మిగిలి ఉంటే ఒక బొట్టు. ఊరి చివర మలుపు తిరగకముందే ఆ బొట్టు కూడా డ్రైవరు అరచేతికి అంటుకుపోతుంది. ఏటేటా పేరుకుపోయిన ఆ బాకీ తీర్చడానికే ఈ పూజ.

పూజకు చోటు చిల్లకల్లు. ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి. హైదరాబాదు నుంచి వచ్చేవాడు పంతంగి దాటి, కొర్లపహాడ్ దాటి, గరికపాడు దగ్గర రాష్ట్రం మారి, ఇక కాలు ఆనించి పోనిద్దాం అనుకునేలోపు చిల్లకల్లు టోల్‌గేటు ఎదురవుతుంది. టాప్‌లో వస్తున్న బండి ఫోర్తుకు దిగాలి, థర్డుకు దిగాలి, సెకండుకు దిగాలి. గేటు కర్ర ముందు న్యూట్రల్‌లో నిలబడాలి. ఫాస్టాగ్ పలకగానే దిగిన మెట్లన్నీ మళ్లీ ఎక్కాలి. ఎంత గొప్పవాడి బండయినా ఇక్కడ తనకున్న గేర్లన్నీ వరసగా ఒప్పజెప్పాల్సిందే. సంక్రాంతి ముందు రోజుల్లో అయితే ఫస్టు, న్యూట్రల్, మళ్లీ ఫస్టు, మళ్లీ న్యూట్రల్. క్యూ పొడవునా ప్రతి కారులోనూ ఒక చెయ్యి ఈ రెండు మాటల జపం చేస్తూనే ఉంటుంది. నిన్ను పిలవడానికి ఇంతకన్నా తగిన క్షేత్రం ఈ దారిలో నాకు తెలియదు.

టోల్‌గేటుకు ఎడంగా, రోడ్డు దిగితే రేకుల షెడ్డు. నేల నూనె తాగి నల్లబడింది. వేపచెట్టు కింద పాత టైర్లు. ఆ షెడ్డులోకి ఒక పాత కాంటెస్సా వచ్చి ఆగిందనుకో. నీ జబ్బు ముదిరే అది వచ్చింది. పీఠం సిద్ధంగా ఉంది, కూర్చో.

వంశస్తుతి

నీ వంశం పెద్దది. 1891లో ఫ్రాన్సులో పనార్, లెవసార్‌ల కంపెనీ ఇంజనును బండి ముందుకు తెచ్చింది. దాని వెనక క్లచ్చు, ఆ వెనక గేర్లు పెట్టి, అక్కడి నుంచి వెనక చక్రాలకు బలం పంపింది. లోకంలోని కార్లు చాలాకాలం ఆ వరసలోనే నడిచాయి. అప్పటి గేర్లు పక్కకు జారి ఒకదాని పళ్లలో ఒకటి దిగేవి. రెండింటి వేగం కలవకపోతే పళ్లూ పళ్లూ కొట్టుకుని వీధంతా వినబడేలా అరిచేవి. 1928లో కాడిలాక్ కార్లలోకి సింక్రోమెష్ వచ్చింది. ఎర్ల్ థాంప్సన్ అనే అమెరికన్ ఇంజనీరు బుర్రలో పుట్టిన పని అది. పళ్లు కలవబోయే క్షణానికి ముందు ఒక చిన్న ఇత్తడి రింగు రాపిడితో రెండు వేగాలనూ ఒకటి చేస్తుంది. ఆ తర్వాతే పళ్లు దిగుతాయి. నువ్వు నెమ్మదస్తుడివని పేరు తెచ్చుకున్నది అప్పటి నుంచే.

ఆ రింగు లేని పాత లారీల్లో మన డ్రైవర్లు ఆ పని కాలితోనూ చెవితోనూ చేసేవారు. క్లచ్చు తొక్కి నిన్ను న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్చు వదిలి, ఇంజనుకు ఒక్క ఊపు ఇచ్చి, మళ్లీ క్లచ్చు తొక్కి కింది గేరులోకి దింపేవారు. డబుల్ క్లచ్ కొట్టడం అనేవారు. ఇంజను గొంతు ఎంత లేస్తే నిన్ను దింపాలో ఏ పుస్తకమూ చెప్పేది కాదు. ఆ గొంతు చెవికి అందిన నాడే క్లీనరు డ్రైవరయ్యేవాడు.

అంబాసిడర్‌లో చాలాకాలం నువ్వు నేల మీద నిలబడలేదు. స్టీరింగు కింద నుంచి పక్కకు చెయ్యి చాచి ఉండేవాడివి. ప్రీమియర్ పద్మినిలోనూ అంతే. ముందు సీటు ఒకటే బల్ల కాబట్టి డ్రైవరు పక్కన ఇద్దరు, పెళ్లి ప్రయాణమైతే ముగ్గురు సర్దుకునేవారు. నీకూ గేర్‌బాక్సుకూ మధ్య కడ్డీలు, కీళ్లు, వంపులు. ఒక్కో కీలు దగ్గర కాస్త వదులు చేరి, చేతి మాట గేర్‌బాక్సుకు చేరేసరికి సగం దారిలోనే పోయేది.

1961లో మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ తయారు కావడం మొదలైంది. ఇటలీ రూపశిల్పి మికెలోట్టి గీసిన ఒళ్లు అది. ఇంగ్లండులో ఆ హెరాల్డ్ ఫ్రేమునే కుదించి 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేశారు. మన రోడ్ల మీద సంసారాలు మోసిన హెరాల్డూ, అక్కడ టాపు తీసేసి షికారు తిరిగిన స్పిట్‌ఫైరూ వరసకు అన్నదమ్ములు. ఇద్దరిలోనూ నువ్వు పొట్టిగా, నేల మీద నిలబడ్డావు. ఇద్దరిలోనూ ఏళ్లు మీదపడ్డాక నీ అడుగునున్న బుష్షులు అరిగి గలగలమన్నావు.

1984లో కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారా నుంచి హిందుస్థాన్ మోటార్స్ వారి కాంటెస్సా బయలుదేరింది. ఇంగ్లండు వాక్స్‌హాల్ కంపెనీ వదిలేసిన వీఎక్స్ కారు ఒళ్లు. పొడుగు ముక్కు, వెడల్పు భుజాలు. మొదట దాని గుండె మాత్రం అంబాసిడర్ ఇంజనే. అంత ఒంటికి అది చాల్లేదు. తర్వాత జపాను ఇసుజు 1.8 లీటర్ల ఇంజను, దానితో ఐదు గేర్ల బాక్సు వచ్చాయి. అప్పుడు ఆ కారుకు చూపుకు తగిన ఊపిరి అందింది. అసలుసిసలు స్పోర్ట్స్ కారు ఈ దారిలో ఎప్పుడో గాని కనిపించదు. ఆ ముచ్చట మనసులో పెట్టుకున్నవాళ్లకు ఇక్కడ దొరికింది కాంటెస్సాయే. 2002లో దాని తయారీ ఆగిపోయింది. ముచ్చట ఆగలేదు.

సముద్రాల అవతల, 1989లో మాజ్డా కంపెనీ తెచ్చిన మియాటాలో నువ్వు ఇంకా పొట్టివాడివి. మణికట్టు తిరిగితే గేరు మారుతుంది. ఆ చిన్న కారుకు వచ్చిన పేరులో నీ వాటా చిన్నది కాదు. అక్కడా నీ కాలి కింద నైలాన్ బుష్షు, నీ నడుముకు రబ్బరు బూటు. అమెరికాలో పాత మియాటా కొనుక్కున్న తెలుగువాడికైనా, చిల్లకల్లులో కాంటెస్సా ఆపినవాడికైనా ముందు అరిగేవి ఆ రెండే.

నిందాస్తుతి

ఇక తిట్టు. స్తోత్రానికి తిట్టు కూడా ఒక అలంకారం.

వదులుగా ఊగేవాడా! న్యూట్రల్‌లో ఉంచి వేలితో తోస్తే ఇటు డ్రైవరు మోకాలూ అటు పక్కవాడి మోకాలూ పలకరించి వస్తావు. థర్డు అడిగితే ఫిఫ్తు ఇస్తావు. రివర్సు అడిగితే ఆలోచిస్తావు. ఒకానొక వేగం దగ్గర గిర్రున మోత మొదలుపెడతావు, నెత్తిన చెయ్యి వేస్తే ఊరుకుంటావు, చెయ్యి తీస్తే మళ్లీ మొదలు. నిలకడ లేనివాడా! టాప్‌లో పరుగెత్తే బండిని ఫోర్తుకు దించబోతే గది తప్పి సెకండులో పడ్డావా, క్లచ్చు వదిలిన క్షణాన వెనక చక్రాలు బిగుసుకుంటాయి, ఇంజను తట్టుకోలేని వేగానికి ఎగిరిపోతుంది. వాల్వులు వంగినా ఆశ్చర్యం లేదు. నీ కాలి కింద అరిగిన చిన్న ముక్కకు అంత ఖర్చు.

నిన్ను ఇంత తిట్టించినవాళ్లెవరు? ఒకటి, ఈ నేల. చిల్లకల్లు, జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు లారీలు, కోతల కాలంలో చేల దారుల మట్టి. నీ నడుముకున్న రబ్బరు బూటు ఎండకు పగిలిందంటే ఆ దుమ్ము సందు చూసుకుని గ్రీజులోకి దిగుతుంది. చల్లగా జారవలసిన గ్రీజు సానపెట్టే ముద్ద అయిపోతుంది. ఇందులో ఒక చిత్రం ఉంది. ఇసుక నలుసు ఉక్కులో దిగబడలేదు, మెత్తని నైలాన్‌లోనే దిగబడుతుంది. అక్కడ స్థిరంగా కూర్చుని ఎదురుగా తిరిగే ఉక్కు గుండును గీరుతుంది. అందుకే పాత రాడ్డు విప్పి చూస్తే మెత్తనిది ఒకంతట అరిగి, గట్టిది కూడా గీతలు పడి కనిపిస్తుంది.

రెండు, ఈ నీళ్లు. 2023 జులైలోనూ 2024 సెప్టెంబరులోనూ మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద ఈ రహదారి మీదికే వచ్చింది. వరదలో నిలబడ్డ బండికి చిరిగిన బూటు తెరిచిన తలుపు. నీళ్లు కలిసిన గేర్ ఆయిలు పాలు పోసిన టీ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు చూసిన మేస్త్రీ ఇక మాట్లాడడు, కింద బోల్టు విప్పి నూనె మొత్తం పారబోస్తాడు.

మూడు, మా చేతులు. బండి పోతూ ఉంటే పని లేకపోయినా నీ తల మీద చెయ్యి వేసి కూర్చునే అలవాటు మాది. ఆ బరువు నీ పాదం దాకా దిగి, లోపల గేర్లను మార్చే సెలెక్టరు ఫోర్కును నెడుతూ ఉంటుంది. ఫోర్కు కదలకుండా ఉంటుంది, దాని పట్టులో ఉన్న స్లీవు గిరగిర తిరుగుతూ ఉంటుంది. రెండూ రాచుకుంటాయి. ప్రేమగా పెట్టిన చెయ్యే అరగదీస్తుంది. ఈ నేరానికి శిక్ష వేయవలసింది నీకు కాదు గనక ఇక్కడితో తిట్లు సమాప్తం.

ప్రశ్న

షెడ్డులోకి వచ్చినవాడు కారు దిగుతూనే అంటాడు:

"గేరు పడట్లేదు భాయ్."

మేస్త్రీ లేవడు. చేతిలోని పని ఆపడు.

"పడట్లేదా, పడి జారుతుందా, దొరకట్లేదా? సరిగ్గా చెప్పండి."

ఈ ప్రశ్నకు వెయ్యి దండాలు. సగం రిపేరు అక్కడే అయిపోయింది. ఇంజను ఆపితే గేర్లన్నీ సుఖంగా పడి, స్టార్టు చేస్తే కరకరమంటూ పడకపోతే తప్పు క్లచ్చుది. నీ జోలికి రానక్కర్లేదు. పడిన గేరు గతుకులో జారి న్యూట్రల్‌కు వస్తుంటే గేర్‌బాక్సు లోపల షాఫ్టును పట్టి నిలిపే చిన్న గోలీ, దాని స్ప్రింగు అలిసిపోయి ఉండాలి, స్లీవు పళ్లు గుండ్రబడి ఉండాలి, లేదా బాక్సు కూర్చున్న రబ్బరు మౌంటు కుంగి ఉండాలి. ఇవేవీ కాక గేర్లు బుద్ధిగా ఉండి, చెయ్యి మాత్రం దారి తప్పి వెతుక్కుంటుంటే అప్పుడు జబ్బు నీది. బుష్షు పోయింది.

"దొరకట్లేదు" అంటాడు వచ్చినవాడు కాస్త ఆలోచించి. మేస్త్రీ చేతులు తుడుచుకుని లేస్తాడు.

అంగపూజ

బండి చదునైన చోట నిలిచింది. చక్రాల ముందూ వెనకా రాళ్లు పడ్డాయి. ఇంజను చల్లారింది. నువ్వు న్యూట్రల్‌లో ఉన్నావు. మొదలుపెడదాం.

నీ శిరస్సుకు దండం. లారీల్లో అది రంగు రంగుల ప్లాస్టిక్ గుండు, లోపల ఒక పువ్వో దేవుడి బొమ్మో. కార్లలో నల్లని ముద్ద, మీద గేర్ల ముగ్గు. ఎన్నేళ్లు తిప్పితే ఆ అంకెలు చెరుగుతాయో నీకే తెలుసు. అంకె చెరిగిన తలను చూసి ముందున్న యజమాని చేతి తీరు చెప్పగల మేస్త్రీలు ఉన్నారు. పైన నాబ్ విప్పితే కింద మరలు, లాక్ నట్టు. పాత తల పగిలిపోతే దిగులు లేదు. విశాఖ వైపు ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పి, లక్క రంగు అద్ది బొమ్మలు చేసే చేతులున్నాయి. అడిగితే నీకూ ఒక తల చెక్కిపెడతాయి.

నీ వస్త్రానికి దండం. రెక్సిన్ గౌను పైకి లాగితే లోపల చిల్లర, టోల్ చీటీలు, వేరుశనగ పొట్టు, ఎవరిదో చెవి కమ్మ. వాటి కింద రబ్బరు బూటు. అసలు కాపలాదారు అదే. అది చిరిగిన రోజే నీ అరుగుదల మొదలైంది. కనుక దాన్ని విప్పకముందే చుట్టూ ఉన్న మట్టిని బ్రష్షుతో, వేస్టు గుడ్డతో తుడిచి తీరాలి. తొందరపడి విప్పితే ఇన్నాళ్లూ బయట ఆగిన దుమ్ము ఒక్కసారిగా గేర్‌బాక్సులో పడుతుంది. తెలివైన మేస్త్రీ తుడుపు దగ్గర నిదానిస్తాడు. కుర్రవాణ్ని కసిరేది కూడా ఇక్కడే: "ముందు తుడవరా, తర్వాత విప్పుదువు గానీ."

నీ కంఠహారానికి దండం. మూత, దాని కింద స్ప్రింగు, ఆ కింద వాషర్లు. కొన్ని బండ్లలో మూతను నొక్కి తిప్పితే ఊడుతుంది, కొన్నింటిలో బోల్టులు విప్పాలి, కొన్నింటిలో సర్‌క్లిప్పు. ఊడిన వరసలోనే వాటిని పాత పేపరు మీద పేర్చుకోవాలి. ఏ వాషరు పైన, ఏది కింద అన్నది రేపటికి గుర్తుండదు, పేపరుకు గుర్తుంటుంది.

ఇప్పుడు మెల్లగా పైకి రా. నిన్ను లాగిన బొక్కను వెంటనే శుభ్రమైన గుడ్డతో మూసేశారు. తల నుంచి పాదం దాకా మొదటిసారి నిన్ను వెలుతురులో చూస్తున్నాం.

నీ నడుము గుండుకు దండం. కడ్డీ మధ్యలో ఉక్కు బంతి. గిన్నెలో కూర్చుని అన్ని వైపులా ఒరగగలదు, ఎటూ జారిపోలేదు. చెయ్యి ముందుకు తోస్తే నీ పాదం వెనక్కు పోవడానికీ, ఎడమకు లాగితే కుడికి పోవడానికీ ఈ బంతే కారణం. డ్రైవరు ఒకవైపు, గేరు ఒకవైపు, మధ్యవర్తివి నువ్వు. ఇటు మాట అటు తిరగేసి చెప్పి కూడా ఇద్దరికీ పని జరిపించే మధ్యవర్తివి. గుండు మీద వేలు తిప్పితే చదునైన చోటు తగులుతుంది. సన్నని గీత అయితే ఎమెరీ కాగితంతో పోతుంది. గుంట పడితే వెల్డింగు పోసి, లేతు మీద మళ్లీ గుండ్రంగా తిప్పాలి.

నీ పాదానికి దండం. చివరి చిన్న ముద్ద. అది సెలెక్టరు షాఫ్టు గాడిలో దిగి, కావలసిన ఫోర్కును వెతికి పట్టుకుంటుంది. ఒక ఫోర్కు కదిలితే మిగతావి కదలకుండా లోపల పిన్నులు అడ్డు పడతాయి. ఒకేసారి రెండు గేర్లు పడితే బాక్సు బిగుసుకుపోతుంది కాబట్టి ఆ కట్టడి. అంతటి క్రమశిక్షణ ఉన్న ఇంట్లోకి తలుపు చూపించేది నీ పాదం. దానికి తొడిగిన నైలాన్ టోపీ ఇప్పుడు పసుపెక్కి, పగిలి, రెండు ముక్కలై అరచేతిలో ఉంది.

బుష్షూ, నీకు సాష్టాంగం. ఈ కారులో అతి చవకైన భాగాల్లో నువ్వొకదానివి. ఉక్కుకూ ఉక్కుకూ మధ్య కూర్చుని రాపిడంతా నువ్వే తీసుకున్నావు. ఇంజను అదురు చేతిదాకా రాకుండా మింగావు. గుండ్రంగా పుట్టి కోలగా అయ్యావు. పెద్దవాళ్లు అరగకూడదని నిన్ను మెత్తగా పుట్టించారు. ఈ కారులో తన పని పూర్తిగా చేసి పోయినవాడెవరంటే నీ పేరే చెబుతాను.

సానపట్టే చోట

కాంటెస్సా బుష్షు అడగ్గానే దొరికే రోజులు పోయాయి. విజయవాడ ఆటోనగర్‌లో వెతకాలి. ఈ దారి లారీలకు అది పుట్టిల్లు. ఒక సందులో పాత సామాను గుట్టలు, ఒక సందులో గేర్ల పళ్లు కోసేవాళ్లు, ఒక సందులో వరసగా లేతులు. దొరకకపోతే చేయించుకోవడమే. టర్నరు ముందు పగిలిన రెండు ముక్కలు కలిపి చూస్తాడు. అరిగిన బుష్షును కొలిస్తే అరుగుదలే కొలతలోకి వస్తుందని అతనికి తెలుసు. అందుకే బుష్షు కూర్చునే గాడినీ, గుండులో అరగని వైపునూ వెర్నియరుతో కొలుస్తాడు. కొత్త ముక్కకు లెక్క ఆ రెంటి నుంచి పుడుతుంది.

దేనితో చెయ్యాలి? ఇత్తడి అంటారు కొందరు. ఎక్కువ కాలం ఆగుతుంది, నిజమే. కానీ ఇంజను అదురును మింగదు, మోతంతా చేతికి తెస్తుంది, ఎదుటి ఉక్కును తినే ప్రమాదమూ ఉంది. నైలాన్ అదురు మింగుతుంది. దానికి రెండు గుణాలున్నాయి. గాలిలో తేమ తాగి కాస్త ఉబ్బుతుంది. వేడికి ఉక్కు కన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది. మే నెలలో జగ్గయ్యపేట ఎండ, ఆగస్టులో కృష్ణ ఒడ్డు తేమ, కింద గేర్‌బాక్సు సెగ. వీటన్నిటికీ చోటు వదిలి తిప్పాలి. బిగుతే మంచిదని సందు లేకుండా చేస్తే మొదటి ఎండాకాలానికే నువ్వు కదలవు. డెల్రిన్ అనే ప్లాస్టిక్ దొరికితే ఇంకా మేలు, అది నీళ్లు అంతగా తాగదు.

లేతు తిరుగుతుంది. పదునైన టూలుకు తెల్లని నైలాన్ పొడుగాటి దారాలుగా లేస్తుంది. టూలు మొండిదైతే నైలాన్ తెగదు, కరుగుతుంది. చివరి కొలత చూడబోయే ముందు టర్నరు లేతు ఆపి బీడీ ముట్టిస్తాడు. చూసేవాడికి బద్ధకంలా ఉంటుంది. ముక్క చల్లారితే గాని అసలు కొలతకు రాదు.

నైవేద్యం

కొత్త బుష్షు గాడిలో బొటనవేలి ఒత్తిడికి దిగాలి. సుత్తి అడిగితే కొలత తప్పినట్టు. గిన్నెకు గ్రీజు, గుండుకు గ్రీజు, పాదానికి గ్రీజు. ముద్దలుగా కుక్కితే స్ప్రింగు నొక్కినప్పుడు బయటకొచ్చి దుమ్మును పిలుస్తుంది. పూత చాలు. వాషర్లు పేపరు మీది వరసలో. మూత బిగించాక ఇంకా వదులు ఉంటే ఒక పల్చని వాషరు చేర్చు, చెయ్యి బరువెక్కితే ఒకటి తియ్యి. రబ్బరు బూటు మాత్రం కొత్తదే వెయ్యి. పాతదాన్ని టేపుతో చుట్టినవాడు బుష్షు ఖర్చు మళ్లీ పెట్టుకుంటాడు.

గేర్ ఆయిలు కూడా చూడు. "నైంటీ ఆయిలు పొయ్యి" అంటే సరిపోదు. నైంటీ అన్నది చిక్కదనం మాత్రమే. కొన్ని నూనెల్లో వెనక యాక్సిలు పళ్ల కోసం కలిపే గంధకపు మందులు ఘాటుగా ఉంటాయి, అవి సింక్రోమెష్ ఇత్తడి రింగులకు పడవు. కంపెనీ పుస్తకంలో ఏ గ్రేడు రాసి ఉందో అదే నీ నైవేద్యం.

ప్రదక్షిణ

ముందు ఇంజను ఆపి ఉండగా ఒకటి నుంచి ఐదు, ఆపైన రివర్సు. తర్వాత స్టార్టు చేసి మళ్లీ. న్యూట్రల్‌లో వదిలితే నీ అంతట నువ్వే నడిమి దారికి వచ్చి, థర్డుకూ ఫోర్తుకూ మధ్య నిలబడాలి. నిలబడ్డావు. వేలితో తోస్తే కాస్త ఒరిగి తిరిగొచ్చావు. మేస్త్రీ యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని నందిగామ వైపు రోడ్డెక్కిస్తాడు.

ఫస్టు, అడిగిన చోటే ఉంది. సెకండు, వెనక్కు ఒక్క లాగు. థర్డు, చెయ్యి తెరిచి అరచేత్తో ముందుకు నెడితే చాలు, దానంతట అదే వెళ్లి కూర్చుంది. రెండు వైపులా మిరప చేలు, పత్తి చేలు వెనక్కు పోతున్నాయి. ఫోర్తు. లోపల టక్కుమని చిన్న శబ్దం, చెవికన్నా ముందు అరచేతికి తెలిసే శబ్దం. ఆ గోలీ గాడిలో పడ్డ శబ్దం. ఫిఫ్తు. గిర్రుమనే మోత లేదు. మళ్లీ దిగింపు: ఫోర్తు, థర్డు, తడబాటు లేదు, వెతుకులాట లేదు. యజమాని చెయ్యి తహతహలాడుతుంది. "ఇటివ్వు భాయ్, నేను చూస్తా" అంటాడు. దారి పక్కన ఆపి సీట్లు మారతారు. తిరుగుదారిలో చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర అందరూ విసుక్కుంటూ గేర్లు దించుతుంటే ఆ ఒక్కడికి మాత్రం అది పండగ.

ఫలశ్రుతి

ఈ స్తోత్రం చదివినవారికి కలిగే ఫలం చెబుతాను. గేరు వేశాక చెయ్యి తీసి స్టీరింగు మీద పెట్టే బుద్ధి కలుగుతుంది. ఫోర్కులు పదికాలాలు ఉంటాయి. రెక్సిన్ గౌను ఎత్తి రబ్బరు బూటు పగిలిందేమో చూసుకునే అలవాటు వస్తుంది. బుష్షులు అరగవు. గేరు దొరకనప్పుడు బాక్సు దింపాలని ఎవరైనా అంటే, "ముందు రాడ్డు లాగి చూడండి" అనే ధైర్యం వస్తుంది. డబ్బు మిగులుతుంది.

గేరు రాడ్డుకు రాబోయే కాలం అనుకూలం కాదు. 2014లో మారుతి సెలెరియోతో క్లచ్చు తొక్కనక్కర్లేని చవక గేర్‌బాక్సు మామూలు ఇళ్లకు వచ్చింది. విద్యుత్తు కార్లలో మార్చడానికి గేర్లే లేవు. మన పిల్లల్లో చాలామందికి ఎడమ కాలికీ ఎడమ చేతికీ పని చెప్పే కారు తెలియకపోవచ్చు. అందులో చింతించడానికేమీ లేదు, టోల్ క్యూలో నిలబడ్డ మోకాలు వాళ్లను దీవిస్తుంది. ఉన్న పాత కార్ల సంగతి వేరు. వాటిని తుక్కు కింద తూచేవాళ్లకు ఊగే గేరు రాడ్డు మంచి సాకు. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలంటే ఫిట్‌నెస్ చూపించాలి, ఫీజు కట్టాలి. ఆ లెక్కల మధ్య, ఊగే రాడ్డు చూసి మనసు విరిగి అమ్ముకున్నవాళ్లు ఉన్నారు.

మీ ఇంట్లో అలాంటి కారు ఉంటే అమ్మే ముందు ఒక్క పని చెయ్యండి. జగ్గయ్యపేటలోనో నందిగామలోనో చిల్లకల్లు దారిలోనో, "పడట్లేదా, జారుతుందా, దొరకట్లేదా" అని అడిగే మేస్త్రీ దగ్గరకు తీసుకెళ్లండి. జవాబు "దొరకట్లేదు" అయితే కొత్త బుష్షు, కొత్త బూటు వేయించండి. బేరమాడకుండా కూలి ఇవ్వండి. ఈసారి దసరాకు మొదటి బొట్టు గేరు రాడ్డుకు పెట్టండి.